విరమణ పదవికే

తెలుగులో “పదవీ విరమణ” అనే సమాసాన్ని కూర్చినవారెవరో గాని, బాగా ఆలోచించే కూర్చినట్లు తోస్తుంది. విరమించేది పదవి నుండి మాత్రమే. పని నుండి అని గాని, లోకం నుండి అని గాని ఆ మాటలో ఎక్కడా లేదు. పత్రికలవారికి ఇష్టమైన మాట ఇంకొకటి ఉంది, “విశ్రాంత ఉద్యోగి” అని. విశ్రాంతుడంటే అలసట తీర్చుకొన్నవాడు. అలసట తీరిన మనిషి తరువాత చేసేదేమిటి? లేచి మళ్ళీ ఏదో ఒక పనికి పూనుకోవడమే గదా! అర్థం ఇంత స్పష్టంగా ఉన్నా, ఆ రెండు మాటలూ చెవినబడగానే మనకు పడకకుర్చీ, మడత నలగని దినపత్రిక, మాత్రల డబ్బా మాత్రమే కళ్ళముందు మెదలుతాయి.

మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడో నిర్ణయించే అధికారం మన దగ్గర ప్రభుత్వానికి ఉన్నది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు దించింది. ఒక్క ఉత్తర్వుతో వేలాదిమంది రాత్రికి రాత్రి వృద్ధులైపోయారు. కొంతకాలానికి అది మళ్ళీ 58 అయింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1998లో 60కి పెరిగింది. రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60, 2022లో 62 చేశారు. తెలంగాణలో 2021లో 61 చేశారు. ఈ లెక్కన కృష్ణకు ఇవతలి ఒడ్డున వార్ధక్యం అవతలి ఒడ్డు కంటె ఒక ఏడాది ముందుగా వస్తుందని అనుకోవాలి. మోకాళ్ళు మాత్రం ఏ ఉత్తర్వునూ చదవవు. వాటికి తోచినప్పుడు అవి నొప్పిపెడతాయి.

నేను తపాలాశాఖలో 1975లో గుమాస్తాగా చేరి, 2013 జూలై నెలాఖరున సబ్ పోస్టుమాస్టరుగా బయటికి వచ్చాను. దేశంలో తంతి సేవ కూడా ఆ నెలలోనే, 14వ తేదీ రాత్రితో, ముగిసింది. తంతి మా శాఖనుండి 1985లోనే విడిపోయినా, మా తరంవారికి తపాలా, తంతి అన్నవి జంటపదాలు. అందుచేత మిత్రులు కొందరు “టెలిగ్రామూ, మీరూ ఒకే నెలలో రిటైరయ్యారు” అని వీడ్కోలు సభలో హాస్యమాడారు. శాలువా కప్పారు, భగవద్గీత పుస్తకం చేతిలో పెట్టారు, శేషజీవితం ఆయురారోగ్యాలతో గడపాలన్నారు. ఆ “శేషం” అన్న మాట నాకు కొంచెం గుచ్చుకొన్నది. భాగహారంలో చివరకు ఏమీ చేయలేక ప్రక్కన వ్రాసి వదిలేసే అంకెను గదా శేషం అంటారు!

ఆ తరువాతి మొదటి ఆరునెలలు ఎట్లా గడిచాయో ఈ స్థితిలో ఉన్నవారికి నేను వివరించి చెప్పనక్కరలేదు. తెల్లవారి నాలుగున్నరకే మెలకువ వచ్చేది. పత్రికను టెండరు ప్రకటనలతో సహా చదివేవాణ్ణి. సలహాలు చెప్పేవారికి కొదువ లేదు. నడవమన్నారు, నడిచాను. యోగాసనాలు వేయమన్నారు, వేయగలిగినన్ని వేశాను. కాశీ, రామేశ్వరం చూసి వచ్చాము. ఉదయం నడకలో కలిసే మిత్రబృందం మంచిదే గాని, వారి సంభాషణ మూడు విషయాల చుట్టూ తిరిగేది: రక్తంలో చక్కెర, రావలసిన కరువు భత్యం, విదేశాలలోని పిల్లలు. మూడూ ముఖ్యమైనవే. కాని రోజూ అవే మూడు!

నాకు లోటుగా తోచింది ఏమిటని చాలా రోజులు ఆలోచించాను. జీతం కాదు, పింఛను వస్తూనే ఉన్నది. అధికారం కాదు, సబ్ పోస్టుమాస్టరుకు ఉండే అధికారమేపాటిదో తపాలాశాఖలో పనిచేసినవారికి తెలుసు. చివరకు తేలిందేమంటే, నా కోసం ఎదురుచూసేవారు లేకపోవడం. పూర్వం ఆర్టీసీ బస్సులో తపాలా సంచి దిగే వేళకు మా ఆఫీసు అరుగుమీద పదిమంది నిలబడి ఉండేవారు. ఉద్యోగపు ఉత్తరం కోసం ఒకరు, బొంబాయి మనియార్డరు కోసం ఒకరు, దుబాయి నుండి కొడుకు వ్రాసే జాబు కోసం ఒకరు. వారు ఎదురుచూసింది ఉత్తరాల కోసమే, నా ముఖం కోసం కాదని నాకు తెలుసు. అయినా ఆ సంచి మూతికి వేసిన లక్క ముద్ర పగులగొట్టేది నేను. ఒకరోజు నేను పది నిముషాలు ఆలస్యమైతే ఆ పదిమందికి తెలిసేది. ఇప్పుడు నేను పదిరోజులు ఇల్లు కదలకపోయినా పాలవానికి తప్ప ఎవరికీ తెలియదు.

కాలక్షేపానికీ ప్రయోజనానికీ ఉన్న భేదం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కాలక్షేపం ఈ రోజు మానివేసినా ఎవరికీ నష్టం లేదు. ప్రయోజనం గల పని మానివేస్తే ఎవరో ఒకరు గుమ్మంవైపు చూస్తారు.

ఈ సంగతి నాకు మరింత స్పష్టంగా కనిపించింది అమెరికాలో. మా అబ్బాయి టెక్సాసులో ఉంటాడు. అందరు తల్లిదండ్రులవలెనే మేమూ ఒక ఆరునెలలు అక్కడ గడపడానికి వెళ్ళాము. మా మనుమరాలి బడి దగ్గర వీధి దాటే చోట ఒక వృద్ధుడు రోజూ ఉదయం, మధ్యాహ్నం నిలబడి ఉండేవాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాడు. మెరిసే పసుపుపచ్చని చొక్కా పైన తొడుక్కొని, “ఆగుము” అని వ్రాసిన ఎర్రటి పలక ఎత్తి పట్టుకొంటే రెండువైపులా కార్లన్నీ ఆగిపోయేవి. పిల్లలు ఆయన చేతికి చెయ్యి తాకించి దాటేవారు. ఒకప్పుడు ఏదో పెద్ద సంస్థలో ఇంజనీరుగా చేశాడని మా కోడలు చెప్పింది. చలిలోనూ, చినుకులలోనూ ఆయన మానలేదు. రోజుకు గంటన్నర పని. కాని ఆ గంటన్నర కోసం ఆయన మిగిలిన ఇరవైరెండున్నర గంటలూ క్రమంగా ఉండాలి: వేళకు నిద్రపోవాలి, వేళకు లేవాలి, క్షవరం చేసుకోవాలి. నాకు ఈర్ష్య కలిగిందంటే అతిశయోక్తి కాదు.

తిరిగి మా ఊరు వచ్చిన తరువాత నా పని నన్ను వెదుక్కొంటూ వచ్చింది. మాది వరంగల్లు ప్రాంతంలోని ఒక మండల కేంద్రం. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలయ్యాయి. మొదట నెలకు వెయ్యి రూపాయలు, 2019లో అది 2016 రూపాయలయింది. పల్లెలలో ఈ సొమ్ము అప్పట్లో తపాలా కార్యాలయం ద్వారా, వేలిముద్ర తీసుకొని ఇచ్చేవారు. ఒకనాడు మా వీధి చివర ఉండే ఒక వృద్ధురాలు మా గేటు దగ్గర నిలబడి, “పోస్టు సారూ, నా ఏలుముద్రలు పడ్తలేవు, జర వచ్చి చూస్తరా” అని అడిగింది. వెళ్ళాను. ఆమె చేతులు చూస్తే సంగతి అర్థమయింది. నలభై ఏళ్ళు నాట్లు వేసి, పత్తి ఏరి, మధ్య కాలంలో బీడీలు చుట్టిన వేళ్ళు అవి. గీతలు అరిగి నున్నబడిపోయాయి. హస్తసాముద్రికం తెలిసినవారికి కూడా ఆ చేతిలో చదవడానికి ఏమీ మిగలలేదు.

దీనికి పెద్ద విద్య ఏమీ అక్కరలేదు. చేతులు సబ్బుతో కడిగించి, తుడిపించి, బాగా ఎండిపోయిన చర్మమైతే కాస్త తడి తగలనివ్వాలి. భయంతో అందరూ వేలిని గట్టిగా అదుముతారు, అప్పుడు గీతలు చెదిరిపోతాయి. మెల్లగా ఆనించమనాలి. చూపుడు వేలు పడకపోతే ఉంగరపు వేలు, అదీ కాకపోతే ఎడమచెయ్యి. ఆనాడు ఆమెకు ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. పచ్చదీపం వెలగగానే వరుసలోని ఆడవాళ్ళంతా పరీక్ష పాసయినట్లు సంతోషించారు. అక్కడికక్కడే మరో నలుగురు నన్ను చుట్టుకొన్నారు.

అప్పటినుండి మంగళవారం, శుక్రవారం ఉదయం 10 గంటల నుండి ఒంటిగంట వరకు ఆ కార్యాలయం ఎదుటి వేపచెట్టు క్రింద ఒక చిన్న బల్ల వేసుకొని కూర్చుంటున్నాను. నేనున్న ఏళ్ళలో పోస్టుమాస్టర్లు ముగ్గురు మారారు. ముగ్గురి అనుమతీ అడిగాను, ముగ్గురూ సంతోషంగా ఒప్పుకొన్నారు. సొమ్ము తీసుకొనే ఫారములు నింపుతాను. బ్యాంకు నుండి వచ్చిన కాగితం చదివి అర్థం చెబుతాను. నవంబరులో కేంద్రప్రభుత్వ పింఛనుదారుల గిరాకీ ఎక్కువ. “నేను జీవించియున్నాను” అని ఏడాదికొకసారి రుజువు చేసుకోవాలి గదా! 2014 నుండి జీవన్ ప్రమాణ్ అనే పద్ధతి వచ్చి కాగితం తప్పింది, 2021 నుండి ఫోనులో ముఖం చూపించినా చాలునన్నారు. పోస్టుమేన్ ఇంటికి వచ్చి చేసిపెట్టే సదుపాయం కూడా ఉన్నది. ఇవన్నీ ఉన్నాయని చెప్పేవాడు కావాలి, అంతే. నా పనిలో సగం ఆ చెప్పడమే.

ఈ బల్ల దగ్గర నేను విన్నవి అన్నీ వ్రాయదగినవి కావు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం క్రింద కొడుకులమీద ఆర్డీవో గారి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు పదివేల రూపాయల వరకు పోషణ ఇప్పించే అవకాశం ఆ చట్టంలో ఉన్నది. ఎవరి దగ్గర విన్నారో గాని కొందరు వచ్చి “సారూ, కొడుకు మీద కాయితం రాయాలె” అంటారు. అంతా చెబుతారు, నేను వ్రాస్తాను, చదివి వినిపిస్తాను. విన్న తరువాత చాలాసేపు మాట్లాడరు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకొని వెళ్ళిపోతారు. అట్లా తీసుకొనిపోయినవారిలో దానిని నిజంగా దాఖలు చేసినవారు ఇద్దరో ముగ్గురో. మిగిలినవారికి తమ మాట ఒకసారి కాగితం మీదికి ఎక్కితే చాలునేమో.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఒక అవ్వకు పింఛను హఠాత్తుగా నిలిచిపోయింది. విచారించగా ఏదో జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా “మరణించినది” అని పడి ఉన్నది. అదే ఇంటిపేరు, అదే పేరు గల మరొకామె ఆ ఏడాది పోయింది. ఆ పొరబాటు ఏ బల్లమీద జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. అవ్వ నా ఎదుట చతికిలబడి, “సారూ, నేనైతే బతికే ఉన్న. ఈ ముచ్చట ఎవలకు చెప్పాలె?” అన్నది. ఏడవలేదు. నిజంగానే జవాబు తెలుసుకోవాలని అడిగింది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదలలేదు. ఉద్యోగం నుండి వచ్చిన మొదటి ఆరునెలలూ నేను అడగదలచిన ప్రశ్న కూడా దాదాపు అదే. నాకు దానిని అంత సూటిగా అడగడం చేతకాలేదు.

అయిదు నెలలు పట్టింది. ఆధార్ నకలు, రేషను కార్డు నకలు, ఇరుగుపొరుగుల సంతకాలు, మూడు అర్జీలు, రెండు ప్రజావాణి సోమవారాలు. చివరకు ఆమె బ్రతికింది. వెనుకటి నెలల సొమ్ము రాలేదు. దానికోసం ఇంకా వ్రాద్దామంటే, “పోనీ సారూ, ఇగ వస్తున్నది గదా” అన్నది. ఆ వానకాలంలో ఒక గంపెడు మక్కకంకులు తెచ్చి మా అరుగుమీద పెట్టి పోయింది. నేను ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. కంకులు, సీతాఫలాలు మాత్రం తిరస్కరించను. ఇచ్చే చేతిని వెనుకకు త్రిప్పివేయడం కూడా ఒక విధమైన అధికారమే అని నాకు అనిపిస్తుంది.

ఇదంతా గొప్ప సేవ అని నేననడం లేదు. గొప్పవారి వార్ధక్యం సంగతి వేరు. గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. సవరల భాష నేర్చుకొనడానికి మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. దానికి వాడిన క్వినైనుతో వినికిడి పోయింది. చెవులు వినబడనివాడు ఒక భాషకు వ్యాకరణం వ్రాయడం ఊహించండి. ఆ సవర వ్యాకరణం 1931లో వెలువడింది, నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు. నడుమ 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు, జీవితమంతా గడిపిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. 73వ ఏట కొత్త ఊరిలో కాపురం! మన కాలానికి దగ్గరగా చూస్తే భద్రిరాజు కృష్ణమూర్తిగారు హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉపాధ్యక్ష పదవి 1993లో విడిచారు. ద్రావిడ భాషలమీద ఆయన బృహద్గ్రంథం 2003లో కేంబ్రిడ్జి నుండి వచ్చింది. వీరి పాండిత్యం మనకు లేదు. కాని వీరినుండి మనం తీసుకోదగినది పాండిత్యం ఒక్కటే కాదు. పని మధ్యలో ఉన్నది గనుక ఆపలేదు, అంతే. వయస్సు ఆ లెక్కలోకి రాలేదు.

మా ఊరిలోనే నా మిత్రుడు ఒకడున్నాడు, లెక్కల మాస్టారుగా పనిచేసి వచ్చాడు. భార్య పోయింది, పిల్లలు దూరాన ఉన్నారు. వేణువు కొన్నాడు, కుండీలలో మొక్కలు పెంచాడు, చదరంగం ఫోనులో ఆడాడు. ఏదీ మూడు నెలలు దాటలేదు. గడ్డం మాసి ఉండేది. ఒక వేసవిలో పదవ తరగతి లెక్కలలో తప్పిన పక్కింటి పిల్లవానికి సప్లిమెంటరీ పరీక్షకోసం చెప్పడం మొదలుపెట్టాడు. వాడు మరో ఇద్దరిని తీసుకొని వచ్చాడు. ఇప్పుడు ప్రతి వేసవిలోనూ పొద్దున ఆరుగంటలకు అతని వరండాలో పదిమంది పిల్లలుంటారు. మొన్న కలిసినప్పుడు గడ్డం నున్నగా ఉన్నది. నేను ఏమీ అడగలేదు. అతడే చెప్పాడు: “పిల్లలు ఆరింటికే వస్తున్నార్రా, అయిదింటికే లేవాలి” అని విసుగు నటిస్తూ. అంత సంతోషకరమైన విసుగు నేను ఈ మధ్య చూడలేదు.

అయితే ఇటువంటి మాటలు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వార్ధక్యంలో చురుకుగా ఉండండి అనే హితవు పింఛను ఉన్న మాబోటివారికి చెప్పదగినది. నా బల్ల దగ్గరకు వచ్చే అవ్వలకు పదవి లేదు, విరమణా లేదు. ఒంట్లో శక్తి ఉన్నంతవరకు కూలికి పోయారు, ఇప్పుడు కూడా పత్తి ఏరే రోజులలో కొందరు కనిపించరు. పట్నంలో డెబ్బై ఏళ్ళు దాటి అపార్టుమెంట్ల వాకిట రాత్రంతా కూర్చొనే కాపలావారిని చూస్తున్నాము. వారికి కావలసింది పని కాదు, పని లేకుండా రెండు పూటలు తినగల ధీమా. ఇక ఇంటి ఆడవారి విషయం చెప్పనే అక్కరలేదు. నా వీడ్కోలు సభకు వచ్చిన మా ఆవిడ ఆ రాత్రి కూడా వంట చేసింది. “మీరు మంగళవారం, శుక్రవారం ఊరివాళ్ళందరి కాగితాలూ సర్దుతారు. ఇంట్లో మీ మందుల చీటీలు మాత్రం నేనే సర్దాలి” అంటుంది. ఆమె అన్నదానిలో అసత్యం ఏమీ లేదు. అందుకే ఆ రెండు రోజులూ ప్రొద్దుటి కాఫీ, కూరలు తరగడం నా వంతు చేసికొన్నాను. కాఫీ విషయంలో ఫిర్యాదులున్నాయి.

ఈ పన్నెండేళ్ళలో నాకు నేను పెట్టుకొన్న నియమాలు కొన్ని ఉన్నాయి. కౌంటరు లోపలికి వెళ్ళను. “మా కాలంలో ఇట్లా కాదు” అని కొత్త ఉద్యోగులతో అనను. నాకు తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు పంపుతాను. చేసిన పని పుస్తకంలో వ్రాసి ఉంచుతాను, ఎందుకంటే రేపు నేను లేకపోయినా ఆ అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో ఇంకొకరికి తెలియాలి. ఎడమకంటికి శుక్లాల శస్త్రచికిత్స అయింది, కుడికంటికి కావలసి ఉన్నది. చెయ్యి కొద్దిగా వణుకుతున్నది. అందుచేత డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయికి సెలవు రోజులలో పని నేర్పుతున్నాను. నేర్పడమంటే ఫారముల భాష నేను చెబుతాను, ఫోనులో చేయవలసినవి ఆమె నాకు చెబుతుంది. నాకంటె త్వరగా చేస్తుంది. అవ్వలు కూడా ఆమె వైపే జరుగుతున్నారు. రెండవసారి విరమణకు ఇట్లా ముందునుండే సిద్ధపడడం మంచిదనిపిస్తున్నది. ఈసారి శాలువా ఉండదు, శేషం అన్న మాట కూడా వినబడదు.

గత నెలలో ఒక శుక్రవారం జ్వరం వచ్చి నేను వెళ్ళలేకపోయాను. ఎవరికీ కబురు పంపలేదు, ఆ అమ్మాయికి కాలేజీ ఉన్నది. సాయంత్రం చీకటి పడే వేళ గేటు చప్పుడయింది. ముగ్గురు అవ్వలు. ఒకామె చేతికర్ర గోడకు ఆనించి, అరుగుమీద కూర్చొని, ఆయాసం తీర్చుకొని, “పొద్దుగాల్నుంచి చూసినం సారూ. పానం మంచిగున్నదా?” అని అడిగింది.